రద్దు వద్దు, రద్దీ కావాలి

పోయిన నెల ఈ శీర్షికలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల గురించి రాశాను కదా, 'ఫలానా ఆకారంలో ఉన్న మాటలన్నీ వెతికి పెట్టు' అని కంప్యూటర్‌కి చెప్పే గుర్తుల భాష, ముద్దుగా రెజెక్స్. ఉత్తరాలు బాగానే వచ్చాయి. తమాషా ఏమంటే, దాదాపు అందరిదీ ఒకటే గొడవ: ఒక మాట ఉన్నవి వెతకడం వచ్చింది సార్, ఆ మాట లేనివి ఎట్లా వెతకాలి? అందుకని ఈసారి ఇదొక్కటే పట్టుకున్నాను. నమూనాలన్నీ తెలుగు మాటలతోనే ఇస్తున్నాను, ఎందుకంటే ఇంగ్లీషు ఉదాహరణలు చూసి నేర్చుకుని తెలుగు ఫైలు మీద ప్రయోగించినప్పుడే అసలు తంటా మొదలవుతుంది.

ప్రశ్న: మాది తిరుపతిలో చిన్న ట్రావెల్స్. డ్రైవర్లు, లాడ్జీల వాళ్ళు పంపే మెసేజీలన్నీ ఒక ఫైల్లో లైనుకొకటిగా పడతాయి. 'రద్దు' అన్న మాట లేని లైన్లు మాత్రమే కావాలి, అంటే ఇంకా నడుస్తున్న ట్రిప్పులు. బ్రాకెట్లో ^ పెడితే 'కాదు' అని అర్థం అన్నారని [^రద్దు] పెట్టాను. అన్ని లైన్లూ వచ్చేస్తున్నాయి, రద్దయినవి కూడా!
– బుకింగులు చూసే గుమాస్తా, తిరుపతి

జవాబు: ఈ గోతిలో పడనివాళ్ళు లేరు, నేనూ పడ్డాను. చదరపు బ్రాకెట్ మాటని చూడదండీ, విడివిడి గుర్తుల్ని చూస్తుంది. [^రద్దు] అంటే 'ర, ద, పొల్లు, కొమ్ము, ఈ నాలుగూ కాని ఏదో ఒక అక్షరం' అని. అట్లాంటి అక్షరం ఒక్కటైనా లేని లైను ఎక్కడుంటుంది? అందుకే అన్నీ వచ్చాయి.

దీన్నే లైను మొత్తానికి వర్తించేలా పెడితే ఇంకో రకం నవ్వులాట. ఒకసారి మా వైపు ఊళ్ళ జాబితాలోంచి చిత్తూరు ఒక్కటి తీసేద్దామని ^[^చిత్తూరు]+$ అని కొట్టాను. చిత్తూరు, కుప్పం, పలమనేరు, పుంగనూరు, పీలేరు, నగరి, మదనపల్లె, పాకాల, సోమల, ఇదీ జాబితా. పాకాల, సోమల రెండే మిగిలాయి. చిత్తూరుతో పాటు అన్నీ ఎందుకు పోయాయో కాసేపు అర్థం కాలేదు. కంప్యూటర్ లోపల 'చిత్తూరు' అంటే చ, గుడి, త, పొల్లు, మళ్ళీ త, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. వీటిలో ఏ ఒక్కటి ఎక్కడ కనిపించినా ఊరు ఎగిరిపోయినట్టే. నగరికి ర, గుడి ఉన్నాయి, పోయింది. పాపం మదనపల్లె, ఆ లావొత్తు లోపల దాక్కున్న పొల్లు వల్ల పోయింది.

మీకు కావలసింది ఇది:

^(?!.*రద్దు).*$

మధ్యలో ఉన్న (?! ... ) అనేదాన్ని నెగటివ్ లుక్‌అహెడ్ అంటారు. క్యూలో నిలబడినప్పుడు మన చోటు వదలకుండా మెడ చాచి ముందు ఏముందో చూస్తాం కదా, అదే పని. బ్రాకెట్ బయట ^ అంటే లైను మొదలు, $ అంటే లైను చివర. అక్కడ నిలబడి 'ఇక్కణ్ణించి ఎంత దూరమైనా సరే, ముందు రద్దు అన్న మాట కనిపిస్తోందా' అని చూస్తుంది. కనిపించిందా, ఆ లైను వదిలేస్తుంది. కనిపించలేదా, నిలబడ్డ చోటు నుంచే .* అనేది లైను మొత్తం తీసుకుంటుంది. చూసింది చూడటమే, ఒక్క అక్షరం కూడా ముందుకి జరగదు.

ఆ ^ ని మాత్రం మర్చిపోవద్దు. అది లేకపోతే 'రద్దు చేయండి' అన్న లైను మొదట్లో ఓడిపోయిన రెజెక్స్ ఊరుకోదు, ఒక్క అక్షరం జరిగి ర దాటి మళ్ళీ చూస్తుంది. అక్కణ్ణించి చూస్తే మిగిలింది 'ద్దు చేయండి', అందులో రద్దు లేదు కాబట్టి 'దొరికింది' అని తల తెగిన ముక్క తెచ్చి చేతిలో పెడుతుంది. చిత్తూరుతో చేస్తే మరీ ఘోరం, చ పోయి మొండి గుడి మిగులుతుంది, స్క్రీన్ మీద చుక్కల సున్నా నెత్తిన గుడి కనిపిస్తే ఇదే కారణం.

ఇంతటితో అయిపోలేదు. మీ ఫైల్లో ఇట్లాంటి లైన్లు ఉంటాయని నా అనుమానం:

కాణిపాకం ట్రిప్పు రద్దు, అడ్వాన్సు వెనక్కివ్వాలి
రేణిగుంట ఎయిర్‌పోర్టు పికప్ రద్దయింది
అలిపిరి దగ్గర రద్దీ, అరగంట లేటు

రెండో లైన్లో 'రద్దు' లేదు, చూశారా? కొమ్ము పోయి 'రద్ద' తర్వాత య వచ్చింది. కాబట్టి పై నమూనా ఆ లైనుని 'నడుస్తున్న ట్రిప్పు' కింద చూపిస్తుంది, డ్రైవర్ రేణిగుంట వెళ్ళి నిలబడతాడు. సరే, 'రద్ద' దాకా కోసి వెతుకుదామంటే మూడో లైను బలి, ఎందుకంటే రద్దీలోనూ రద్ద ఉంది. తిరుపతిలో రద్దీ అన్న మాట ఉన్న లైన్లు తీసేస్తే ఇంక మీకు ఫైల్లో మిగిలేదేముంది! అందుకని లుక్‌అహెడ్ లోపల ఇంకో లుక్‌అహెడ్:

^(?!.*రద్ద(?!ీ)).*$

'రద్ద తర్వాత గుడిదీర్ఘం రాకపోతేనే దాన్ని రద్దు కింద లెక్కపెట్టు' అని దీని భావం. రద్దు, రద్దయింది, రద్దైంది, రద్దయిపోయింది అన్నీ పట్టుబడతాయి, రద్దీ తప్పించుకుంటుంది. ఒకే లైన్లో రెండూ ఉంటే, 'రద్దీ వల్ల రద్దు' అన్నట్టు, ఆ లైను పోతుంది, అదే కదా మీకు కావలసింది.

డ్రైవర్లు రద్దు అని ఎక్కడ రాస్తారు, క్యాన్సిల్ అంటారు కదా అంటారేమో. అదీ కలపండి, నిలువు గీత అంటే 'లేదా':

^(?!.*(రద్ద(?!ీ)|క్యాన్సి|కాన్సి|కేన్సి)).*$

గుడి దాకా రాయండి. 'క్యాన్స' అని అక్కడే ఆపేశారంటే క్యాన్సర్ ఆస్పత్రికి పేషెంటుని తీసుకెళ్ళే ట్రిప్పు కూడా రద్దయిన లెక్కలోకి పోతుంది.

ప్రశ్న: నేను గూగుల్ షీట్స్‌లో లెక్కలు రాస్తాను. యూట్యూబ్‌లో చూసి ఈ ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం ఉన్న నమూనా పెడితే చెల్లదని ఎర్రర్ వస్తోంది. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో మాత్రం అదే నమూనా బాగానే పనిచేస్తోంది. నా తప్పా?
– మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసే పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మీ తప్పేమీ లేదమ్మా. రెజెక్స్ అన్నది ఒకే భాష అయినా యాసలు చాలా ఉన్నాయి. షీట్స్ లోపల నడిచేది ఆర్‌ఈ2 అనే ఇంజిన్, గూగుల్ 2010లో అందరికీ ఇచ్చేసింది. దాన్ని కట్టినవాళ్ళు ఎంత వంకర నమూనా ఇచ్చినా, ఎంత పొడుగు ఫైలు ఇచ్చినా, పట్టే టైము ఫైలు పొడుగుకి తగ్గట్టే పెరగాలి, అంతకి మించి పోకూడదు అని పట్టుబట్టారు. ఆ హామీ కోసం కొన్ని సౌకర్యాలు వదులుకున్నారు, లుక్‌అహెడ్ అందులో ఒకటి. కాబట్టి ఎన్నిసార్లు ప్రయత్నించినా రాదు.

రాకపోతే నష్టం లేదు. 'లేనివి' అనే మాటని నమూనా లోపల కుక్కకుండా బయట పెట్టండి. రెజెక్స్‌మ్యాచ్ ఫంక్షన్‌తో మాట ఉన్న గడుల్ని మామూలుగా పట్టుకుని, దాని చుట్టూ నాట్ ఫంక్షన్ తొడగండి, జవాబు తిరగబడుతుంది. అంతే. నిజం చెప్పాలంటే లుక్‌అహెడ్ వచ్చిన చోట కూడా నేను ముందు ఈ దారే చూస్తాను, ఆర్నెల్ల తర్వాత ఆ ఫైలు తెరిచినప్పుడు మనకే అర్థం కావాలి కదా.

పైన గుమాస్తాగారి రద్దు, రద్దీ పేచీ మీ షీట్లోనూ ఉంటే రద్ద[^ీ] అని రాసి దానికి నాట్ తొడగండి. బ్రాకెట్ గుర్తుల్ని చూస్తుంది అని ఇందాక తిట్టుకున్నాం, ఇక్కడ మనకి కావలసింది సరిగ్గా ఒక్క గుర్తే కాబట్టి అదే కలిసొచ్చింది.

ప్రశ్న: ఒక సంఘం వాళ్ళ అడ్రసుల పుస్తకం డీటీపీ చేస్తున్నాను. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది కదా, పాత అడ్రసుల్లో ఉన్న 'చిత్తూరు జిల్లా'లు ఒక్కొక్కటీ చూసి మార్చాలి, అది వేరే పని. ప్రస్తుతానికి ఊరు పేరుగా వచ్చిన 'చిత్తూరు' మాత్రం దొరకాలి, పక్కన జిల్లా ఉన్నవి రాకూడదు. చిత్తూరు *(?!జిల్లా) అని రాశాను. అయినా జిల్లా ఉన్నవి వస్తూనే ఉన్నాయి.
– డీటీపీ ఆపరేటర్, చిత్తూరు

జవాబు: మీరు తొంభై శాతం సరిగ్గానే రాశారు, నక్షత్రం ఒక్కటే బ్రాకెట్‌కి అవతల పడింది. ఏం జరుగుతోందో నెమ్మదిగా చూద్దాం. 'చిత్తూరు జిల్లా' దగ్గరికి వచ్చింది. చిత్తూరు సరిపోయింది. ఖాళీ, నక్షత్రం అంటే 'ఖాళీలు ఎన్నైనా, అసలు లేకపోయినా సరే'. ఉన్న ఒక్క ఖాళీనీ తీసుకుంది. ముందుకి చూస్తే జిల్లా, కుదరదు. మనిషైతే అక్కడ వదిలేస్తాడు. ఇది వదలదు, తీసుకున్న ఖాళీని వెనక్కిచ్చేసి 'సున్నా ఖాళీలు కూడా ఒప్పే కదా' అని చిత్తూరు పక్కనే నిలబడి మళ్ళీ చూస్తుంది. ఇప్పుడు ముందున్నది జిల్లా కాదు, ఖాళీ! నిషేధం తప్పిపోయింది, దొరికింది అంటుంది. రూల్సులో సందు వెతికే రకం.

ఖాళీని కూడా నిషేధం లోపలికి తోసేయండి:

చిత్తూరు(?! *జిల్లా)

ఇప్పుడు 'గ్రీమ్స్‌పేట, చిత్తూరు, చిత్తూరు జిల్లా' అన్న అడ్రసులో మొదటి చిత్తూరు దొరుకుతుంది, రెండోది దొరకదు. 'చిత్తూరుజిల్లా' అని కలిపి కొట్టినవి కూడా తప్పుకుంటాయి.

కానీ మనవాళ్ళు రాసేటప్పుడు చిత్తూరు ఎప్పుడూ చిత్తూరుగానే ఉండదు. చిత్తూర్లో, చిత్తూరంటే, చిత్తూరోళ్ళు. అడ్రసుల్లో ఇవి తక్కువే అయినా ముందుమాటలోనో అభిప్రాయాల్లోనో తగులుతాయి. అవీ కావాలంటే చివరి కొమ్ముని నిషేధంలోకి జరపండి:

చిత్తూర(?!ు *జిల్లా)

'ఉమ్మడి చిత్తూరు' అని రాసినవి కూడా వద్దనుకుంటే వెనక్కి చూసే గుర్తు ఉంది, ముందు (?<!ఉమ్మడి ) అని తగిలించండి. ఇందులో ఒక చిక్కు: పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో వెనక్కి చూసేటప్పుడు ఎన్ని అక్షరాలు చూడాలో ముందే ఖరారుగా ఉండాలి, నక్షత్రం ఒప్పుకోదు, కాబట్టి ఉమ్మడి తర్వాత రెండు ఖాళీలు కొట్టిన చోట అది తప్పిపోతుంది. ముందుగా జంట ఖాళీలన్నీ ఒంటి ఖాళీలుగా మార్చేసుకుంటే ఏ గొడవా లేదు.

ప్రశ్న: మా ఫ్రెండు రెజెక్స్‌తో 'కాదు' అని చెప్పడం సిద్ధాంతపరంగానే కుదరదు అంటాడు. నేను కుదురుతుందన్నాను. బిర్యానీ పందెం.
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: బిర్యానీ మీదే. 1950ల్లో గణితవేత్త స్టీఫెన్ క్లీనీ ఈ గణితం మొదలుపెట్టిన కాలం నుంచి తెలిసిన సంగతే, ఒక నమూనాకి సరిపడేవాటిని రెజెక్స్‌తో చెప్పగలిగితే, సరిపడనివాటిని కూడా రెజెక్స్‌తోనే చెప్పవచ్చు, ఏ లుక్‌అహెడ్ లేకుండా. చేత్తో రాయడమే నరకం. 'కల' అన్న రెండక్షరాలు ఎక్కడా పక్కపక్కన రాని లైను కావాలంటే ఇదిగో:

^([^క]|క+[^కల])*క*$

రెండక్షరాలకే ఇంత, 'తిరుమల' అంటే ఊహించుకోండి. అందుకే పనిలో ఉన్నవాళ్ళు వేరే దారులు వేసుకున్నారు. పాత యూనిక్స్ ఎడిటర్ ఎడ్‌లో మాట ఉన్న లైన్లకి జీ అనే ఆజ్ఞ, లేని లైన్లకి వీ అనే ఆజ్ఞ ఉండేవి. కెన్ థాంప్సన్ రాసిన గ్రెప్ అనే వెతుకులాట ప్రోగ్రాంకి ఆ పేరు వచ్చిందే ఆ జీ ఆజ్ఞ నుంచి, వీ మాత్రం గ్రెప్ పక్కన 'మైనస్ వీ'గా ఇప్పటికీ బతికే ఉంది. నమూనా లోపలే 'కాదు' అనే లుక్‌అహెడ్ 1994లో పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష ఐదో వెర్షన్‌తో వచ్చి అక్కణ్ణించి మిగతా భాషలకి పాకింది. మీ ఫ్రెండు ఇది చదివాక కూడా ఒప్పుకోకపోతే సగం బిర్యానీకి రాజీ పడండి.

ప్రశ్న: లాడ్జీల మీద జనం రాసిన తెలుగు అభిప్రాయాలతో పైథాన్‌లో ప్రాజెక్టు చేస్తున్నాను. 'గది' అన్న మాట లేనివి విడదీయాలి. పూర్తి మాటకి రెండు పక్కలా బ్యాక్‌స్లాష్ బి పెట్టాలని క్లాసులో చెప్పారు. పెడితే అంతా తలకిందులు. 'గది కావాలి' దొరకట్లేదు, 'గదిలో ఏసీ లేదు' దొరుకుతోంది! పిచ్చెక్కుతోంది సార్.
– బీటెక్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఈ నెల నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. మీకు పిచ్చెక్కలేదు, అది నిజంగానే తలకిందులుగా పనిచేస్తోంది.

బ్యాక్‌స్లాష్ బి అంటే 'మాట సరిహద్దు'. ఒక పక్క మాటలో ఉండే అక్షరం, ఇంకో పక్క అట్లాంటిది కాని గుర్తు ఉంటే అక్కడ సరిహద్దు ఉన్నట్టు. పైథాన్‌తో వచ్చే మామూలు రెజెక్స్ మాడ్యూల్ దృష్టిలో గ, ద అక్షరాలు, గుడి మాత్రం అక్షరం కాదు. గుడులు, కొమ్ములు, పొల్లు, సున్న, వీటిని యూనికోడ్ (అన్ని లిపుల గుర్తులకీ నంబర్లిచ్చే ప్రమాణం) అక్షరాల వర్గంలో కాకుండా గుర్తుల వర్గంలో పెట్టింది, ఈ మాడ్యూల్ ఆ వర్గాన్ని మాటలో భాగంగా లెక్కలోకి తీసుకోదు. ఇప్పుడు 'గది కావాలి' చూడండి. గుడి పక్కన ఖాళీ. గుడీ అక్షరం కాదు, ఖాళీ అంతకన్నా కాదు, రెండు పక్కలా అక్షరం లేనప్పుడు సరిహద్దు ఎక్కడిది? దొరకలేదు. 'గదిలో' చూడండి. గుడి పక్కన ల, అది అక్షరం. ఓహో సరిహద్దు, దొరికింది! మాట అయిపోయిన చోట సరిహద్దు లేదంటుంది, మాట మధ్యలో గోడ కడుతుంది. జావాస్క్రిప్ట్‌లో కథ ఇంకా సులువు, దానికి బ్యాక్‌స్లాష్ బి విషయంలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఏదీ అక్షరం కాదు, మన లిపి మొత్తం దానికి ఖాళీతో సమానం.

కాబట్టి సరిహద్దు మనమే కట్టుకోవాలి. అటూ ఇటూ తెలుగు గుర్తు ఏదీ ఉండకూడదు అని చెబితే సరి:

(?<![ఁ-౯])గది(?![ఁ-౯])

బ్రాకెట్లో ఉన్నది అరసున్న నుంచి తెలుగు తొమ్మిది అంకె దాకా. యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన 128 స్థానాల్లో మనం రోజూ వాడేవన్నీ ఈ మధ్యలోనే వస్తాయి. లేదంటే పైథాన్‌కి 'రెజెక్స్' అన్న పేరుతోనే విడిగా ఒక మాడ్యూల్ దొరుకుతుంది, అది గుడులూ కొమ్ములూ మాటలో భాగమేనని ఒప్పుకుంటుంది.

అయితే మీ ప్రాజెక్టుకి ఇది పనికిరాదేమో అని నా అనుమానం. పై నమూనా ఒంటరి 'గది'ని మాత్రమే పడుతుంది. గదిలో, గదికి, గదులు అన్నీ జారిపోతాయి. మీకు గది ఊసే లేని అభిప్రాయాలు కావాలి కదా, అప్పుడు వెనక వైపు గోడ తీసేసి ముందు వైపు గోడ ఉంచండి:

^(?!.*(?<![ఁ-౯])గ(ది|దు)).*$

ముందు గోడ ఎందుకంటారా? 'నగదు మాత్రమే తీసుకుంటారు, కార్డు లేదు' అని ఎవరో ఒకరు రాసే ఉంటారు. నగదులో గదు ఉంది! గోడ ఉంటే గ ముందున్న న కనిపించి నగదు క్షేమంగా బయటపడుతుంది. తెలుగులో మాట ముందు వైపు కాస్త నిలకడగా ఉంటుంది, వెనక వైపు ఏ విభక్తి ఎప్పుడు అతుక్కుంటుందో తెలీదు, అందుకే నేను ఎప్పుడూ ముందు గోడే కడతాను.

ప్రశ్న: మీరు పోయిన నెల చెప్పినవన్నీ చేశాను. నా ఫైల్లో 'లేని లైన్లు' అంటే ఫైలంతా వస్తోంది, 'ఉన్న లైన్లు' అంటే ఒక్కటీ రావట్లేదు. కళ్ళెదురుగా ఆ మాట కనిపిస్తూనే ఉంది.
– రిటైర్డ్ తెలుగు మాస్టారు, పలమనేరు

జవాబు: మాస్టారూ, ఆ ఫైలు ఎవరైనా ప్రెస్సు వాళ్ళు ఇచ్చిందా? పాత అను ఫాంట్లలో కొట్టిందైతే కంటికి తెలుగు, లోపల ఇంగ్లీషు గుర్తులు. తేలిగ్గా తెలుసుకోవచ్చు, ఒక లైను కాపీ చేసి ఈమెయిల్లోనో వాట్సాప్‌లోనో అతికించండి, పిచ్చిగీతలు పడితే అదే సంగతి. ముందు యూనికోడ్‌లోకి మార్చించుకోండి.

తెలుగే పడిందనుకోండి, అప్పుడు ఇంకో రెండు అనుమానాలు. ఇంగ్లీషు మాటలు తెలుగులో రాసినప్పుడు పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు కూర్చుంటుంది, తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి. 'సాఫ్ట్‌వేర్' మధ్యలో అదే ఉంటుంది, ఒక్కోసారి మాట చివర కూడా అనవసరంగా ఉండిపోతుంది. రెండోది ఐత్వం. 'రైలు'లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ పెట్టొచ్చు, ఎత్వం కింద విడి గుర్తు చేర్చీ పెట్టొచ్చు, చూడటానికి రెండూ అచ్చం ఒకటే, రెజెక్స్‌కి మాత్రం వేర్వేరు. మీరు వెతుకుతున్న మాటని చేత్తో టైపు చేయకుండా ఆ ఫైల్లోంచే కాపీ చేసి నమూనాలో అతికించి చూడండి. అప్పుడు దొరికితే తేడా ఈ రెంటిలో ఒకటి, ఆ లైను నాకు పంపండి.